మర్యాద బటన్

మా షాపులో మర్యాదకి ఒక బటన్ ఉంది. వేళాకోళం కాదు, నిజంగానే ఉంది. బిల్లు కొట్టే మిషను మీద కుడివైపు చివర, ఆకుపచ్చ రంగులో, బొటనవేలంత ఉంటుంది. దాన్ని నొక్కితే కస్టమరు బిల్లులో కొంత తగ్గుతుంది, మిషనులోంచి చిన్న చీటీ బయటికొస్తుంది, దాని మీద కస్టమరు సంతకం పెడితే పని అయిపోతుంది. దాన్ని మేమంతా మర్యాద బటన్ అంటాం.

దాని అవసరం ఎప్పుడొస్తుందో చెప్తాను వినండి. ర్యాకు మీద ఒక ధర ఉండి, నా కౌంటర్లో ఇంకో ధర పడినప్పుడు. వారంవారం హెడ్డాఫీసు వాళ్ళు ధరలు మారుస్తారు. కంప్యూటర్లో అయితే రెప్పపాటులో మారిపోతాయి. ర్యాకుల మీద చీటీలు మాత్రం మనుషులే మార్చాలి. ధర తగ్గిన వస్తువుల చీటీలు షాపు తలుపులు తీసే వేళకల్లా ఇంతింత ఎర్రక్షరాలతో వేలాడుతుంటాయి. ధర పెరిగినవాటి చీటీలు స్టోరు రూములో అట్టపెట్టెలో పడి నిద్రపోతాయి. వాటిని మార్చడానికని ఒకాయన ఉండేవాడు. ఖర్చు తగ్గించాలని ఆయన్ని మానిపించారు. ఇప్పుడది అందరి పని, అంటే ఎవరి పనీ కాదు. జనం పాత ధర చూసి వస్తువు బుట్టలో వేసుకుంటారు, కొత్త ధర కట్టి ఇంటికెళ్తారు.

బిల్లు చూసుకున్నవాడు అరుస్తాడు. అరిచినవాడికి మర్యాద బటన్. నొక్కి, నవ్వు మొహం పెట్టి, "మీకోసం స్పెషల్ డిస్కౌంట్ సార్" అనాలి. ఆయన సొమ్ము ఆయన చేతిలో పెడుతూ మేమేదో దానం చేస్తున్నట్టు! నోట్లో నాలుక లేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు, చంకలో పిల్లతో పరుగెత్తేవాళ్ళు కిమ్మనకుండా కట్టేసి పోతారు. అంటే మా దగ్గర ఒకే సబ్బుకి రెండు ధరలు. గొంతున్నవాడికొకటి, లేనివాడికొకటి.

ఆకుపచ్చ బటన్ పక్కనే ఎర్రది ఇంకోటుంది. దాని మీద 'సవరణ' అని రాసి ఉంటుంది. అది నొక్కితే ర్యాకు మీదున్న ధరే షాపు మొత్తానికి అసలు ధరైపోతుంది. అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే లెక్క. కాకపోతే పొరపాటు ఏ షాపులో జరిగిందో ఆ కబురు అప్పటికప్పుడే హెడ్డాఫీసుకి పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ బటన్ ఒక్కరి చేత్తో పని చెయ్యదు. కౌంటర్లో ఉన్న మనిషి తన నంబరు కొట్టాక, ర్యాకు దాకా వెళ్ళి చీటీ కళ్ళారా చూసొచ్చిన ఇంకో స్టాఫు మనిషి కూడా తన నంబరు కొట్టాలి.

నేను పనిలో చేరిన రోజే మేనేజర్ నాకు పాఠం చెప్పాడు.

"పచ్చది మన చుట్టం అమ్మా. ఎర్రదాని జోలికి మాత్రం పోకు. ఇంతవరకు మన షాపు మీద ఒక్క మచ్చ లేదు."

ఆయన్ని మేం చాటుగా నవ్వులాయన అంటాం. సెలవిచ్చినా నవ్వే, ఇవ్వకపోయినా నవ్వే. చీటీలు మార్చే ఆయన్ని మానిపించిన రోజున కూడా భుజం మీద చెయ్యేసి, పళ్ళన్నీ బయటపెట్టి, గేటు దాకా సాగనంపి వచ్చాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మరి ఇంత మంట ఉన్న మనిషివి ఇన్నాళ్ళు నోరెలా కట్టుకున్నావంటారా? మా ఆయన కన్ను కోసం. ఆయన వెల్డరు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్కన పట్టుకునే రెయిలింగులు చేస్తాడు. ఎడమ కంటికి పొర కమ్మింది. ఆపరేషన్ చెయ్యాలనీ, వాయిదాలు వేస్తూ పోతే ఉన్న చూపు కూడా పోతుందనీ డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. మా కంపెనీలో పర్మనెంటయిన వాళ్ళకి ఇంటిల్లిపాదికీ వైద్యం కంపెనీదే. నాలాంటి టెంపరరీ వాళ్ళకి తలనొప్పి మాత్ర కూడా రాదు. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు నవ్వులాయన టేబుల్ మీద సంతకం కోసం కూర్చుని ఉంది. నా నోటికి తాళం వేసింది అదే.

మా ఆయన మాత్రం దీన్నంతా నవ్వులాటగానే తీసుకుంటాడు. నేను ఆయనకి కుడివైపు నిలబడితే "ఎవరో అందమైనావిడ వచ్చిందే" అంటాడు. ఎడమవైపుకి వస్తే "అరుపులు వినబడుతున్నాయిగానీ మనిషి కనబడటం లేదు" అంటాడు. ఆయన ముందు నవ్వుతాను. వంటింట్లోకెళ్ళి ఏడుస్తాను.

ఇక మా అత్తగారు. ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ గుసగుసలాడితే పక్కింటికి వినబడుతుంది, మామూలుగా మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. నేను పర్మనెంటయ్యేదాకా మా షాపు గుమ్మం తొక్కొద్దని ఆవిణ్ణి బతిమాలుకున్నాను.

"ఎందుకూ? నేనేమన్నా పులినా?" అంది.

"పులైతే భయం లేదత్తయ్యా. పులి బిల్లు చదవదు."

దానికి ఆవిడ తెగ మురిసిపోయింది. నేనన్నది పొగడ్తనుకుంది. మాట మాత్రం నిలబెట్టుకుంది, ఆ రోజు దాకా.

ఆ రోజు పొద్దున మేనేజర్ నన్ను గుమ్మంలోనే ఆపి, "సాయంత్రం నీ ఫైలు మీద సంతకం పెట్టేస్తున్నానమ్మా. ఇంట్లో స్వీట్లు తెప్పించుకో" అన్నాడు. నేనాగలేక ఇంటికి ఫోన్ చేశాను. నేను చేసిన బుద్ధితక్కువ పనల్లా అదే. మంచి కబురు విన్న మా అత్తగారికి కాలు నిలవలేదు. సాయంత్రం నలుగురూ వస్తారు, ఇంట్లో టీపొడి నిండుకుంది, బట్టల పౌడరు కూడా అయిపోయింది, ఎలాగూ పర్మనెంటయిపోయింది కదా, ఇంకా దాక్కోవడం ఎందుకని చక్కా బయల్దేరింది.

మధ్యాహ్నం జనం ఎక్కువగా ఉన్న వేళ తలెత్తి చూసేసరికి, నా లైన్లో నాలుగో మనిషి మా అత్తగారు. నన్ను చూసి చెయ్యూపింది. ముందున్న ముగ్గురికీ నన్ను చూపించి "నా కోడలు" అని చెప్పింది. రెండో కౌంటర్లో జనం తక్కువే. అటు వెళ్ళమని సైగ చేశాను. ఆవిడకి కోపం వచ్చింది.

"నా కోడలి కౌంటరుండగా ఇంకో లైన్లో నిలబడాలా? బాగుందే!"

ఆవిడ వంతు వచ్చింది. టీపొడి పెట్టింది, సరిపోయింది. సబ్బులు పెట్టింది, సరిపోయాయి. బట్టల పౌడరు పెట్టింది. నేను మిషను ముందు దాన్ని తిప్పాను, అది కుయ్యిమంది. నాకు కస్టమరు వైపు తెర కనబడదు, ఆవిడ మొహమే కనబడుతుంది. ఆ మొహంలో కనుబొమలు కలిశాయి.

"ఆగమ్మాయ్. ర్యాకు మీద నలభై అని ఉంది. ఇక్కడ నలభై ఏడు పడిందేంటి?"

"అబ్బే, ఏం లేదత్తయ్యా," అంటూ ఆలోచించకుండా నా వేలు ఆకుపచ్చ బటన్ నొక్కేసింది. చీటీ బయటికొచ్చింది. "డిస్కౌంట్ ఇచ్చేశాను. ఇదిగో, ఇక్కడ చిన్న సంతకం పెట్టెయ్యండి."

ఆవిడ చీటీ అందుకుంది. చేతులు చాచి దూరంగా పట్టుకుని చదివింది. లైనంతా వినేట్టు చదివింది.

"'కస్టమరు కోరిన మీదట, మర్యాదపూర్వకంగా తగ్గింపు ఇవ్వడమైనది.' నేను కోరానా?"

"అది మామూలుగా రాసేదే అత్తయ్యా."

"నాకు తగ్గింపెందుకు? నేను బేరమాడానా? మీరు రాసిపెట్టిన ధరే అడిగాను." ఆవిడ వెనక్కి తిరిగింది. వెనక నిలబడ్డాయన పెయింటరు, చొక్కా నిండా రంగు చుక్కలున్నాయి. ఆయన చేతిలోనూ అదే పౌడరు ప్యాకెట్టుంది. "మరి ఈయనకెంత?"

"ఆయనడిగితే ఆయనకీ ఇస్తాం."

"అడక్కపోతే?"

ఆ ప్రశ్న నన్ను నేను రోజూ అడుగుతున్నదే. పెయింటరే కల్పించుకున్నాడు.

"నాకెందుకమ్మా ఈ గొడవ, నిచ్చెన బయట వదిలేసి వచ్చాను. ఎంతోకొంత కట్టి పోతాను, కానివ్వండి."

"ఎంతోకొంతేంటయ్యా?" అని ఆయన మీద లేచింది మా అత్తగారు. "నేను బస్సులో గట్టిగా అడిగినవాడికో టికెట్టు, మాట్లాడకుండా కూచున్నవాడికో టికెట్టు కొట్టుంటే నన్ను చెప్పుతో కొట్టేవాళ్ళు కాదూ? లోపల బోర్డు మీద ఎంత రాసుంటే అంతే. పైసా ఎక్కువ తీసుకుంటే ఉద్యోగం ఊడేది. ఈ షాపులో బోర్డుకి విలువ లేదా?"

లైను పొడుగు పెరుగుతోంది. వెనకనుంచి ఎవరో "ఏంటండీ అక్కడ" అన్నారు. అద్దాల గదిలోంచి నవ్వులాయన బయటికొచ్చాడు. నవ్వు ఆయనకంటే ముందే వచ్చింది.

"ఏంటమ్మా సమస్య?"

"మా అత్తగారండీ," అన్నాను.

"అయ్యో, మీ అత్తగారా! అయితే మా ఇంటి మనిషే!" ఆయన పక్క ర్యాకులోంచి బిస్కెట్ ప్యాకెట్టొకటి తీసి ఆవిడ సంచిలో పెట్టబోయాడు. "ఇది మా తరఫున అమ్మగారూ. డిస్కౌంటు కూడా ఇచ్చేశారు కదా, సంతకం పెట్టేస్తే అయిపోయె."

ఆవిడ సంచి మూతి బిగించి పట్టుకుంది.

"బిస్కెట్టొద్దు బాబూ. ధర సరిచెయ్యండి, అందరికీ. అంతే నేనడిగేది."

"చేస్తామమ్మగారూ, తప్పకుండా చేస్తాం. పద్ధతి ప్రకారం చేస్తాం."

"ఎప్పుడు?"

నవ్వులాయన నా వైపు వంగాడు. దూరంనుంచి చూసేవాళ్ళకి నన్ను మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది.

"నీ ఫైలు టేబుల్ మీదే ఉంది కదమ్మా. పెన్ను మూత కూడా తీసిపెట్టుకున్నాను. పెద్దావిడకి నువ్వే నచ్చజెప్పు."

చెప్పి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

నేను కౌంటరు మీదకి వంగి మా అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడకి ఒక్కదానికే వినబడేలా చెప్పాను. "అత్తయ్యా, ఈయన ఇవాళ సంతకం పెట్టకపోతే మీ అబ్బాయికి ఆపరేషన్ లేదు. మీరిక్కడ పట్టుబట్టి కూర్చుంటే ఆయన కన్ను పోతుంది. నా మాట వినండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత మేనేజర్ మొహంలోకి చూసింది. నిండు గర్భిణి ఎక్కితే డ్రైవరు చేత బస్సాపించి సీటిప్పించిన మనిషి, తాగి గోల చేసినవాణ్ణి కాలరు పట్టుకుని రోడ్డు మీదకి దించిన మనిషి, మా పెళ్ళిచూపుల్లో మా నాన్ననే నిలదీసిన మనిషి, నేను చూస్తుండగా చిన్నదైపోయింది. భుజాలు కిందికి జారాయి. సంచి మూతి వదిలింది.

"సరే బాబూ," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పెద్దదాన్ని, తెలీక ఏదో వాగాను. ఎక్కడ పెట్టాలి సంతకం?"

నవ్వులాయన జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. బిస్కెట్ ప్యాకెట్టు సంచిలో పడేశాడు. ఈసారి ఆవిడ ఆపలేదు.

"థాంక్సండి," అంది మా అత్తగారు.

అంతే. అక్కడే తెగింది నాకు.

ఆవిడ సొమ్ము ఆవిడకిచ్చి, అది మా దయ అని రాసిచ్చి, దాని కింద ఆవిడ చేతే సంతకం పెట్టించుకుని, పైగా థాంక్స్ కూడా చెప్పించుకుంటాడా? కన్నకొడుకు కన్ను అడ్డం పెట్టి? ఇన్నాళ్ళు ఆ చీటీల మీద సంతకాలు పెట్టినవాళ్ళందరి మొహాలూ నా కళ్ళముందు తిరిగాయి. ఆవిడ పెన్ను కాగితానికి ఆనించేలోపల దాని కిందనుంచి చీటీ లాగేశాను. చింపేశాను. ఆకుపచ్చ బటన్ నొక్కింది రద్దు చేసి, ఎర్ర బటన్ నొక్కాను. నా నంబరు కొట్టాను.

మిషను ఇంతకుముందెప్పుడూ వినని కూత ఒకటి పెట్టింది. తెర మీద వచ్చిన మాట: 'ర్యాకు చూసిన రెండో వ్యక్తి నంబరు కొట్టండి.'

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మేనేజర్, ఇంకా నవ్వుతూనే.

"సవరణండి. ధర తప్పు పడింది, సరిచేస్తున్నాను."

"ఒసేయ్, వద్దే!" అంది మా అత్తగారు. నన్నెప్పుడూ ఒసేయ్ అనని మనిషి. "నేను ఒప్పుకున్నాను కదే! పెట్టేస్తానన్నాను కదే సంతకం!"

"మీరొప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు."

మేనేజర్ తెర వైపు చూసి తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "సరే, నీ నంబరు కొట్టావు. రెండో నంబరు ఎవరు కొడతారమ్మా?" అని షాపంతా కలియజూశాడు. ఆ చూపు ఎటు తిరిగితే అటున్న తలలు దిగిపోయాయి. కూరగాయలు తూచే ఆవిడ త్రాసు తుడుచుకుంటోంది, తుడిచిందే తుడుస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పు సరిచేసుకుంటున్నాడు. వాళ్ళని ఏమనను? అందరికీ ఇళ్ళున్నాయి, ఇంట్లో ఏదో ఒకటి ఉంది. కానీ తొందరపడి మొగుడి కన్ను పోగొట్టానేమో అనుకున్నాను.

రెండో కౌంటర్లో కూర్చునే ఆవిణ్ణి షాపులో అందరం వదినా అని పిలుస్తాం. ఎప్పుడో పర్మనెంటయింది. తన పనేదో తను చూసుకుని పోయే మనిషి. టీ తాగే చోట మేమంతా నవ్వులాయన్ని తిట్టిపోస్తుంటే కప్పు కడుక్కుని లేచిపోయేది. గోడ మీద పిల్లి అని ఆవిడ వెనక నేనే అన్నాను, ఒకసారి కాదు.

వదిన తన సొరుగుకి తాళం వేసింది. తాళంచెవి జాకెట్టులో దోపుకుంది. "ఒక్క నిమిషమండీ" అని తన ముందున్న కస్టమరుకి చెప్పి లేచింది. మా వైపు రాలేదు. నెమ్మదిగా, మోకాళ్ళు నొప్పులున్న మనిషి కదా, సబ్బుల వరసలోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ర్యాకు నుంచి ఊడబీకిన ధర చీటీ ఉంది. తెచ్చి నా కౌంటరు మీద, మేనేజర్ ముందు పెట్టింది.

"రూలు ప్రకారం చూసి రావాలి కదండీ. చూసొచ్చాను. నలభై."

చెప్పి, వంగి, తన నంబరు కొట్టింది. ఒక్కో అంకె ఒత్తి ఒత్తి కొట్టింది.

తెర మీద నలభై ఏడు పోయి నలభై పడింది.

"వదినా," అన్నాను.

"నన్ను తర్వాత పొగుడుదువుగానిలే. ముందు లైను కదుపు," అని తన సీటుకి వెళ్ళిపోయింది.

పెయింటరు గొంతు సవరించుకున్నాడు. "మరి నాకెంత పడుద్దమ్మా?"

"మీకూ నలభయ్యే. మీ వెనకామెకీ అంతే. అడిగినా అడక్కపోయినా," అన్నాను.

ఆయన ప్యాకెట్టు కౌంటరు మీద పెట్టబోయి ఆగాడు. "అయితే ఈ బ్రష్షుల సెట్టు కూడా నేను ఎంతకనుకుని తీసుకున్నానో చూసొస్తా," అని గబగబా లోపలికి నడిచాడు. ఇందాక నిచ్చెన బయటుందని తొందరపడిన మనిషి! ఆయన వెనకే ఇంకొకామె, ఆమె వెనకే ఇంకో ఇద్దరు. లైను చెదిరిపోయింది. క్షణాల్లో షాపు సంతలా తయారైంది. వరసల మధ్యనుంచి కేకలు. "పాలపొడి ఇక్కడ తొంభై ఉందండీ, నాకు నూరు పడింది నిన్న!" "బల్బులు చూడండి, బల్బులు!" "దీనికసలు చీటీయే లేదమ్మా, ఏం కట్టాలి?" కూరగాయలు తూచే ఆవిడ త్రాసు వదిలేసి వచ్చి, "రెండో నంబరు కావాలంటే నాది కూడా ఉందమ్మాయ్," అంది. ఇందాకటిదాకా తల దించుకున్న మనిషే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నవ్వులాయన మొహంలో పళ్ళు కనబడకపోవడం నేను మొదటిసారి చూశాను. పెదాలు మూస్తే ఆయన మామూలు మనిషిలాగే ఉన్నాడు, కొంచెం భయపడ్డ మనిషిలా.

"లోపలికి రా," అన్నాడు.

"ఇక్కడే చెప్పండి. కౌంటరు వదిలి రాకూడదు, మీరే పెట్టారు రూలు."

"అయితే ఇక్కడే విను. ఆ ఫైలు సంగతి మర్చిపో. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు." ఈసారి ఆయన గొంతు తగ్గించలేదు. లైన్లో ఉన్నవాళ్ళంతా విన్నారు. మా అత్తగారు విన్నది.

భయం వేసింది. లేదని చెప్తే కోతలే అవుతాయి. ఇంటికెళ్ళి మా ఆయనకి ఏం చెప్పాలి? ఏ వైపు నిలబడి చెప్పాలి? నేను మా అత్తగారి వైపు చూడలేక కౌంటరు మీదున్న ఆ ధర చీటీ వైపు చూస్తూ కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టే హక్కు ఆవిడకుంది.

ఆవిడ ముందు సంచిలో చెయ్యి పెట్టి బిస్కెట్ ప్యాకెట్టు తీసింది. మేనేజర్ చేతిలో పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"ఎంత పని చేశావే," అంది. "నేను వాడి కోసం వంగాను కదే."

"మీరు వంగితే చూడలేకపోయాను అత్తయ్యా."

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. ఆ తర్వాత మళ్ళీ ఆవిడ గొంతు ఆవిడకొచ్చింది, వీధి చివరికి వినబడే గొంతు.

"పెద్దాసుపత్రిలో ఈ ఆపరేషన్ ఊరికే చేస్తారు. లైను పొడుగుంటుంది, ఎన్నాళ్ళకీ కదలదు, అంతేగా? బతుకంతా కదిలే బస్సులో నిలబడ్డాను. కదలని లైన్లో నిలబడలేనా? రేపు పొద్దున్నే వెళ్తాను. వాడి కన్ను నా పూచీ. నువ్వు ముందు వీళ్ళ సంగతి చూడు, నా తర్వాత ఇంతమందున్నారు."

అది కుదురుతుందో లేదో నాకు తెలీదు. లైను కదిలేలోపు కంటి సంగతి ఏమవుతుందో ఆవిడకీ తెలీదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. ఆవిడ డబ్బు కట్టింది, మిగతా చిల్లర నా చేతిలోంచి తీసుకుంది, పక్కకి జరిగింది. ఇంటికి మాత్రం పోలేదు. చెదిరిపోయిన జనం వైపు తిరిగి చప్పట్లు చరిచింది.

"రండి రండి, ఒకరి వెనక ఒకరు! పిల్లలతో ఉన్నవాళ్ళు ముందుకు జరగండి! ర్యాకు చూసొచ్చినవాళ్ళు ఈ లైను, చూడనివాళ్ళు పోయి చూసి రండి! బాబూ నువ్వే, మధ్యలో దూరకు!"

జనం బుద్ధిగా జరిగారు. ఎవరో ఆవిడ షాపు మనిషే అనుకుని, నూనె డబ్బాలు ఏ వరసలో ఉన్నాయని అడిగారు. చూపించి కూడా పంపించింది.

మేనేజర్ ఇంకా నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"నీకు చెప్పింది అర్థం కాలేదా? రానక్కర్లేదన్నాను."

"రేపట్నుంచి అన్నారు కదండీ," అన్నాను. "ఇవాళ ఆరింటిదాకా డ్యూటీ నాదే. కావాలంటే ఇప్పుడే లేచిపోతాను. మూడో కౌంటర్లో మనిషిని మీరే తీసేశారు. ఈ జనానికి మీరు కూచుని కొట్టండి బిల్లులు."

ఆయన జనాన్ని చూశాడు. జనం ఆయన్ని చూశారు. రెండో కౌంటర్లోంచి మిషను ఆ కొత్త కూత పెట్టింది. వదిన తల ఎత్తకుండానే, "పాలపొడి తొంభై. చూసొచ్చిన వాళ్ళొకరు రండమ్మా నంబరు కొట్టడానికి," అని కేకేసింది. కూరగాయలావిడ పరుగు లాంటి నడకతో అటు వెళ్ళింది. నవ్వులాయన అద్దాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అద్దంలోంచి నాకు కనబడుతోంది. టేబుల్ మీద నా ఫైలు తీశాడు. అడ్డంగా ఏదో గీశాడు. ఫోనెత్తాడు, చెమట తుడుచుకున్నాడు, ఫోను పెట్టేశాడు, మళ్ళీ ఎత్తాడు. హెడ్డాఫీసు వాళ్ళేనేమో మరి. నేనింక అటు చూడటం మానేశాను.

నా ముందు ఒకామె నిలబడి ఉంది. ఎవరిళ్ళలోనో పనిచేసి వస్తున్నట్టుంది, చేతులు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. షాంపూ సీసా ఒకటి కౌంటరు మీద పెట్టి, ఎంతంటానా అని నా నోటి వైపు చూస్తోంది. దాన్ని మిషను ముందు తిప్పబోయి ఆగాను.

"ర్యాకు మీద ఎంతుందమ్మా?"

ఆమె కంగారుపడింది. తనని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. "ఇరవై మూడు... అనుకుంటానండీ. మీరెంతంటే అంత," అంది సగం గొంతుతో.

"నేనెంతంటే అంత కాదు. వెళ్ళి చూసొచ్చి గట్టిగా చెప్పండి. నేనిక్కడే ఉంటాను."

ఆమె వెళ్ళింది. లైనంతా ఆగింది. ఒక్కరు కూడా గొణగలేదు. వెళ్ళేటప్పుడు నడిచిన ఆమె వచ్చేటప్పుడు దాదాపు పరుగెత్తుకొచ్చింది, చీటీ చేత్తో పట్టుకుని.

"ఇరవై మూడే!" అంది. ఆ గొంతు గేటు దాకా వినబడింది.

మిషను ఇరవై ఎనిమిదంది. ఎర్ర బటన్ నొక్కాను. ఆరింటిదాకా ఆ సీటు నాది, ఆరు కావడానికి ఇంకా చాలా టైముంది.